ఆతే వాళ్లమ్మ పుట్టినరోజు వంట

ఖతర్‌లో దిగిన ఆ మొదటి రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఎవరూ అడగకపోయినా సాయం చేసేదాన్ని. ఇప్పుడు తగ్గిందని చెప్పను గానీ (మా ఆయన్ని అడిగితే ముదిరిందంటాడు), అప్పుడు మాత్రం మంచి జోరు మీద ఉండేది. నాకు ఇరవై మూడేళ్లు. కడప పక్క పల్లె నుంచి వచ్చి, ఒక బడిలో క్లీనింగ్ డ్యూటీలో చేరాను. మెసైమీర్ అనే పేటలో ఓ పాత విల్లాను గదులుగా విడగొట్టి అద్దెకిస్తే, పక్కపక్క గదులు నాకూ ఒక ఫిలిప్పీన్స్ ఆవిడకూ వచ్చాయి. వంటగది ఇద్దరికీ ఒకటే. ఆవిడకు యాభై దాటాయి, అరబ్బు ఆడవాళ్ల అబాయాలు కుట్టే దుకాణంలో పని. "నన్ను ఆతే అని పిలువు" అంది మొదటిరోజే (వాళ్ల భాషలో అక్క అని). హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ కలిపి మాట్లాడేది. నాకు ఆ మూడూ సగం సగమే వచ్చు కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

తగవల్లా అలసంద కాయల దగ్గరే. ఆవిడ సీతావ్ అనేది. ఇక్కడ అవి మూరెడు పైనే ఉంటాయి. మా ఇంట్లో అయితే వాటిని గుప్పెట్లో పట్టుకుని, కత్తిపీట మీద సన్నగా, తర్వాత అవి ఏ కాయలో పోల్చుకోలేనంత సన్నగా తరిగి, కొబ్బరి వేసి వేయిస్తాం. ఆతే కత్తి ముట్టేది కాదు. ఒక్కో కాయనూ వేళ్లతో టక్కు టక్కుమని వేలెడేసి ముక్కలు తుంచేది. వంగిందే తప్ప తెగలేదంటే, అది ముదురని పక్కన పెట్టేది. ఆ తర్వాత వెల్లుల్లి, సోయాసాస్, ఆపైన వెనిగర్! అయ్యో, బంగారం లాంటి కాయలు అనుకుంటూ నేను గరిటె పెట్టి కలపబోతే చేతిమీద ఒక్కటిచ్చింది. "లా, లా, వద్దు! వెనిగర్ పోశాక ఉడుకొచ్చేదాకా కలపకూడదు. కలిపితే పచ్చివాసన పోదు. మా అమ్మ చెప్పింది." ఆవిడకు ప్రతిదీ వాళ్లమ్మ చెప్పిందే. గుమ్మడికాయతో కలిపి కొబ్బరిపాలలో ఉడికించినా అమ్మ చెప్పింది, రొయ్యల ముద్ద ఓ చెంచా వేసినా అమ్మ చెప్పింది. (ఆ రొయ్యల ముద్ద సీసా మూత మొదటిసారి తీసినప్పుడు, ఎలుక చచ్చిందేమోనని నేను పొయ్యి కిందంతా వెతికాను.) రెండు నెలలు తిరిగేసరికి ఆ పుల్లటి కాయలు లేకపోతే నాకు అన్నం దిగేది కాదు, అది వేరే సంగతి. నాకు జ్వరం వస్తే గంజి కాచి తాగించింది ఆతే. నా వదులు యూనిఫాం విప్పి మళ్లీ కుట్టింది కూడా ఆవిడే. అంత పెద్ద ఊళ్లో నాకున్న మనిషి ఆవిడ ఒక్కతే.

ఆ ఏడు ఆతే వాళ్లమ్మకు డెబ్బై అయిదు నిండాయి. పుట్టినరోజు శుక్రవారం, మర్నాడే ఆవిడకు గుండె ఆపరేషన్. ఆతేకు సెలవు దొరకలేదు. వారంరోజులుగా తిండి లేదు, మాటా లేదు. కనీసం పుట్టినరోజు వంట ఇక్కడ చేసి, ఆసుపత్రిలో ఉన్న అమ్మకు వీడియోలో చూపించాలనుకుంది. మనకు మధ్యాహ్నం పన్నెండంటే వాళ్లకు సాయంత్రం అయిదు. ఆ తర్వాత నర్సులు ఫోన్ మాట్లాడనివ్వరు. పొద్దున్నే చర్చికి బయల్దేరుతూ, "బల్ల మీద అన్నీ ఉన్నాయి. నువ్వు సీతావ్ కడిగి పెట్టు, చాలు. పాన్సిట్ నేనొచ్చి చేస్తా" అంది (పాన్సిట్ అంటే వాళ్ల సేమ్యా వంటకం).

చాలు అని స్పష్టంగానే అంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, చెప్పండి! కాయలు కడిగి చూస్తే, బల్ల మీద బియ్యపు సేమ్యా పెద్ద పొట్లాలు రెండున్నాయి. ఓస్, ఇంతేనా! సేమ్యా ఉప్మా చెయ్యడం రాని ఆడపిల్ల మా వైపు ఉందా? పాపం ఏడ్చి ఏడ్చి వస్తుంది, సగం పని అయిపోయి ఉంటే ఎంత సంతోషపడుతుందో అనుకున్నాను. ఆ సేమ్యా మరీ జడల్లా పొడుగ్గా ఉంది. ఒడిలో పళ్లెం పెట్టుకుని, ఒక్క పోగు కూడా వదలకుండా గోరంత ముక్కలుగా విరిచాను. నెయ్యి వేసి ఎర్రగా వేయించాను కూడా. ఇక కాయలు తరుగుదామని కత్తి తీసుకునేసరికి తలుపు చప్పుడైంది.

ఆతే బాణలిలోకి చూసింది. అరుస్తుందేమో అనుకున్నాను, అరవలేదు. కుర్చీలో కూలబడిపోయింది.

"పుట్టినరోజు పాన్సిట్ తుంచకూడదు," అంది మెల్లగా. "అది ఎంత పొడుగుంటే అంత ఆయుష్షు. మా అమ్మ ప్రతి ఏడూ నాకు..."

రేపు ఆపరేషన్ పెట్టుకున్న ముసలావిడ ఆయుష్షును గోరంత ముక్కలు చేసి, పైపెచ్చు నెయ్యిలో వేయించాను! చెప్పు ఒకటి నాది, ఒకటి ఆతేది తొడుక్కుని సందు చివర హైదరాబాద్ భాయ్ కొట్టుకు పరుగెత్తాను. జుమ్మా నమాజు వేళ. భాయ్ షట్టర్ దించి తాళం వేస్తున్నాడు.

"భాయ్, ఒక్క పొట్లం బియ్యపు సేమ్యా!"

"అయ్యో బేటీ, రెండే ఉండె. నిన్ననే మీ ఆతే కొంటవోయింది. ఒంటిగంట దాటినంక వేరే దుకాణంల అడుగు. అప్పటిదంక అన్నీ బందే."

కాళ్లీడ్చుకుంటూ వెనక్కి వచ్చాను. పదకొండున్నర దాటింది. ఆతే ముఖం కడుక్కుంటోంది. పక్కన జల్లెడలో నేను కడిగి పెట్టిన అలసంద కాయలు అంచు దాటి వేలాడుతున్నాయి.

"ఆతే, ఇవి మూరెడున్నాయి కదా," అన్నాను ముక్కు చీదుతూ. "వీటిని తుంచకుండా వండుదాం. ఈ ఒక్కసారికి ఇవే లెక్కలోకి తీసుకోమని మీ దేవుడికి చెప్పు."

ఆతే నన్ను చూసింది, కాయల్ని చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వాటిని తుంచుతూ వచ్చిన మనిషి. "మా అమ్మ ఇట్లా చెప్పలేదే," అని ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోనే భోరుమని ఏడ్చేసింది కూడా. తర్వాత కళ్లు తుడుచుకుని, "యల్లా" అని లేచింది. కాయల్ని తుంచకుండా మరిగే నీళ్లలో వేసి తీసింది. నా సేమ్యా ముక్కల్ని కోడి మాంసం, క్యారెట్, క్యాబేజీలతో కలిపి ఉడికించి, పైన ఆ కాయల్ని చుట్టలు చుట్టలుగా పరిచింది. (ఒకటి పట్టకారు జారి తెగింది. ఆవిడ చూడకముందే నోట్లో వేసుకున్నాను.)

పన్నెండింటికి తెర మీద తెల్లటి దిండు, దాని మీద చిన్న ముఖం. నేను విరిచిన సంగతి చెప్పకూడదనే అనుకుంది ఆతే. కానీ ఆ ముసలావిడ కళ్లు చికిలించి చూసి ఏదో అడిగేసరికి మొత్తం చెప్పేసింది. నేను వెనక చేతులు కట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాను. ఆవిడ నవ్వీ నవ్వీ దగ్గింది. ఆమె అన్నది ఆతే నాకు విడమరిచి చెప్పింది. "నా పళ్లు తీసి డబ్బాలో పెట్టారు. నాకు చిన్న ముక్కలే నయం, ఆ పిల్ల సరిగ్గానే చేసింది. పొడుగువి నువ్వు తినవే. ఇంకా చాలా ఏళ్లు ఉండాల్సింది నువ్వు." ఆ తర్వాత నావైపు తిరిగి అడిగింది. "మీ అమ్మ పుట్టినరోజు ఎప్పుడమ్మా?"

నాకు తెలియదు. ఎవరి అమ్మ ఆయుష్షు కోసమో పొద్దుటినుంచీ గుండెలు బాదుకున్నాను గానీ, మా అమ్మ పుట్టిన రోజేదో ఒక్కనాడూ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. తిన్న చెయ్యి కడుక్కుని నేరుగా ఇంటికి ఫోన్ చేశాను.

"అమ్మా, నువ్వెప్పుడు పుట్టినావు?"

"ఎవురికి తెలుసుమే? వానలు బాగా పడిన ఏడంట. ఏం, దుబాయ్‌లో కాగితాలేమన్నా అడుగుతాండారా?" (అమ్మకు గల్ఫంతా దుబాయే.)

"లేదుమా. ఈ పొద్దే నీ పుట్టినరోజు. నేనే పెట్టినా."

"నీకేమన్నా ఎండదెబ్బ తగిలిందేమే?" అని పెట్టేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు కబురు రాగానే ఆతే నా తలుపు విరిగేలా బాదింది. ఇద్దరం నడవలో నిలబడి ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చాం. ఆతే వాళ్ల దేశం చేరి చాన్నాళ్లయింది, వాళ్లమ్మ దగ్గరే ఉంది. నేను మాత్రం ఇక్కడే ఉన్నాను. ఒడిలో పళ్లెం పెట్టుకుని అంత శ్రద్ధగా సేమ్యా విరిచిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఏటా ఆ తేదీన అమ్మకు ఫోన్ చేసేదాన్ని, ఏటా తిట్లు తినేదాన్ని. పోయిన ఏడు డ్యూటీ హడావిడిలో పడి మరిచిపోయాను. సాయంత్రం అమ్మే ఫోన్ చేసింది.

"ఏమ్మే, పొద్దన్నుంచి చూస్తాండా. ఈ పొద్దు నేను పుట్టిన దినం కదా?"