రూతు జాబు, వరుస సంఖ్య ఇరవై ఏడు

1998 నవంబరు 9. ఖరగ్‌పూర్ తెలుగువారి ఈమెయిలు బృందంలో ఆనాటికి సభ్యులు నూట నలభై ముగ్గురు. దాన్ని మొదలుపెట్టిన, రైల్వే స్కూల్లో లెక్కల టీచరుగా రిటైరైన సరోజాదేవికి కంటి ఆపరేషను కావడంతో, వచ్చిన జాబులు చదివి అందరికీ విడుదల చేసే అధికారం మరొకరికి అప్పగించవలసి వచ్చింది. రోజూ ప్రేమ్ బజార్‌లోని ఇంటర్నెట్ దుకాణానికి వెళ్లి ఆమెకు సాయపడేది రూతు. కానీ సరోజాదేవి రైల్వే మనిషి, సీనియారిటీ చూసింది. తన తర్వాత మొట్టమొదట చేరినవాడు శంకరనారాయణ, మాజీ హెడ్ క్లర్కు. కాగితం మీద సంతకాలు చేసుకుని, పాస్‌వర్డుతో సహా ఛార్జి ఇచ్చేసింది. ఆయన ఆ పూటే పాస్‌వర్డు మార్చాడు. అదీ పద్ధతేనని ఆమె మెచ్చుకుంది.

పది రోజులకు రూతు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, నాన్నకి ఇంక రోజుల్లేవు. తవిటయ్య బాబాయిని సూడాలని ఒకటే గోల. ఎర్ర సిగ్నలు దాటినాది తనైతే, ఎంక్వయిరీలో తప్పు బాబాయి మీద తోసీసినాడట. క్షమించమని అడగాలంటన్నాడు. బాబాయి ఎక్కడున్నాడో తెలిస్తే సెప్పండని గ్రూపుకి రాసినాను. ఆరు రోజులైనాది, పైకి రాలేదు."

రూతు తండ్రి విల్‌ఫ్రెడ్ ఆవిరి ఇంజను నడిపిన కాలంలో, బొగ్గు వేసినవాడు తవిటయ్య. ఆ విచారణతో అతని ఉద్యోగం పోయింది.

సరోజాదేవి నల్లద్దాలతోనే రూతును వెంటబెట్టుకుని రిక్షా ఎక్కింది. శంకరనారాయణ మర్యాదగా కుర్చీలు వేసి రిజిస్టరు తెరిచాడు. ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చిన ప్రతి తెలుగు జాబునూ తెలుగులో ఎత్తి రాసి, నంబరు వేసి, సోమవారానికి పది చొప్పున వదులుతున్నాడు. ఆపరేషను నాటి నుంచి పేరుకున్నవి ముందు. రూతుది ఇరవై ఏడు.

"ముందున్నోళ్లందర్నీ ఆపి దీన్ని తోలీమంటారేటి, సరోజమ్మా? సిగ్నలు దాటితే ఏటవుద్దో ఈ పిల్ల నాన్నకే బాగా తెలుసును."

రూతు తల దించుకుంది.

"అవతల మనిషి పోతన్నాడండీ!" అంది సరోజాదేవి.

"ఛార్జి ఇచ్చినాది మీరే కదా? వెనక్కి కావాలంటే సభ్యులందరి సంతకాలూ పట్టుకురండి."

ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో మరొకరి ఛార్జిలో వేలు పెట్టని సరోజాదేవి కుర్చీలోంచి లేచింది. నమ్మదగినవారెవరని చూడవలసిన చోట, ముందు చేరినవారెవరని చూసింది తాను.

విల్‌ఫ్రెడ్ ఇరవై ఆరో తేదీన పోయాడు. రూతు జాబు ముప్ఫైన విడుదలైంది.

ఆ మరుసటి వారం శంకరనారాయణ రిజిస్టరు చంకన పెట్టుకుని సరోజాదేవి ఇంటికి వచ్చాడు. ఒక్క జాబూ పోలేదని చూపించాలని ఆయన సంబరం. నలభై ఒకటో వరుసలో, ఎవరో సభ్యుడు రాసి పంపిన తవిటయ్య మాటలున్నాయి: "విల్‌ఫ్రెడ్‌తో సెప్పండి, నాకు ఆడి మీద కోపమేటీ లేదు. బయల్దేరతన్నాను." పక్కనే శంకరనారాయణ గుండ్రటి చేతిరాత: విడుదల, వచ్చే సోమవారం.