స్వీటీ బదులు రుక్మాబాయి

రుక్మాబాయి లాల్‌దర్వాజాలోనే పుట్టింది. రెండు గల్లీల అవతలికే కోడలిగా వచ్చింది. పుట్టింట్లో బర్రెలుండేవి, అత్తింట్లోనూ ఉండేవి. గల్లీలో వాటిని కట్టేసుకునే జాగా లేకుండా పోయాక భర్త గోవర్ధన్ ఊరి బయట షెడ్ల నుంచి పాలు తెస్తున్నాడు. ఇంటి ముందుగదిలో కౌంటర్ పెట్టుకుని ఆమె అమ్ముతుంది. ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుంటుంది. గిరాకీలో సగం మంది ఉర్దూ మాట్లాడేవాళ్లే కాబట్టి ఆ భాషకు తడుముకోదు. తెలియనిది ఏదైనా ఎదురైతే మొహమాటపడకుండా అడిగి తెలుసుకునే మనిషి. అలాంటి మనిషి ఆ మధ్య కొన్ని రోజులపాటు నోరు మూసుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా, తనకు అర్థంకాని చదువు ముందు కూర్చోవలసి వచ్చింది.

కూర్చోబెట్టింది కూతురు స్వీటీ. డిగ్రీ అయ్యాక ఆ పిల్ల మొఘల్‌పురాలో కాషిఫ్ అనే అతని డిజైన్ దుకాణంలో పనికి కుదిరింది. పెళ్లి కార్డులు, దుకాణాల బోర్డులు, బడుల కరపత్రాలు చేస్తుంది. పని నచ్చింది గానీ ఆమె మనసు పుస్తకాల మీద ఉంది. పుస్తకానికి పేజీలు కట్టడానికి వేరే సాఫ్ట్‌వేర్ ఉంటుందట. దుకాణంలోని కంప్యూటర్లో అది ఉన్నా, నేర్పేవాళ్లు లేరు. ఒకరోజు ఫోన్లో ప్రకటన కనబడింది. డిజైనర్లకు ఆ సాఫ్ట్‌వేర్ మీద ఆన్‌లైన్‌లో ఉచితంగా క్లాసులు చెబుతారట. రోజూ మధ్యాహ్నం రెండింటికి. తర్వాత చూసుకోవడానికి రికార్డింగులు ఇవ్వరు. ఒక్క రోజు తప్పినా సర్టిఫికెట్ రాదు.

స్వీటీ పేరు నమోదు చేసుకుంది. ఆ తర్వాతే, మధ్యాహ్నం రెండింటికి తాను దుకాణంలో ఉంటానన్న సంగతి పెద్ద సమస్యగా తల్లి ముందుకు వచ్చింది. పెళ్లిళ్ల సీజను, కాషిఫ్ భాయ్ పంపడు అంది. రుక్మాబాయి, అడిగితే కాదన్నాడేమో అనుకుంది.

"నువ్వు ఊకె కూసోవాలె, గంతే. మాట్లాడొద్దు. నడిమధ్యల హాజరు కోసం నీలం బటన్ వస్తది, అది ఒత్తాలె. సారు చెప్పింది నేనొచ్చినంక నాకు చెప్పు" అంది స్వీటీ.

"నాకేం సమజైతది బిడ్డా?"

"సమజ్ గాకున్నా ఫికర్ లేదు. ఇన్నది ఇన్నట్టు చెప్పు."

మధ్యాహ్నం పాల గిరాకీ ఉండదు. రుక్మాబాయి కౌంటర్ మీద స్వీటీ ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకుని, చీర కొంగు సర్దుకుని కూర్చుంది. క్లాసు చెప్పే ఆయన పేరు ప్రేమ్‌రాజ్. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, అదీ ఆగకుండా మాట్లాడతాడు. తెర మీద బాణం గుర్తు ఈ మూల నుంచి ఆ మూలకు పరుగెత్తుతుంటే దాని వెంట చూపు తిప్పేసరికి మెడ పట్టేసింది. నీలం బటన్ ఎప్పుడు వస్తుందోనన్న భయంతో రెప్ప వెయ్యడానికి కూడా జంకింది. పక్కన అందరి పేర్లూ వరుసగా ఉన్నాయి. వాటి మధ్యన స్వీటీ పేరు చూసినప్పుడల్లా, తాను ఎవరి ఇంట్లోకో చెప్పకుండా వచ్చి కూర్చున్నట్టు అనిపించింది.

ఆ రోజు ఆయన గట్టర్ గురించి చాలాసేపు చెప్పాడు. గట్టర్ ఎంత ఉండాలో మొదట్లోనే అనుకోవాలన్నాడు. చాలామంది దాన్ని పట్టించుకోరు, తర్వాత ఇబ్బంది పడతారన్నాడు. రుక్మాబాయికి క్లాసు మొత్తంలో బాగా అర్థమైన ముక్క అదే. వాన పడితే చాలు, వాళ్ల గల్లీలో గట్టర్ పొంగి మురుగునీళ్లు గడప దాకా వస్తాయి. సాయంత్రం కూతురు రాగానే, సారు మంచోడు, గట్టర్ల సంగతి కూడా ఆలోచిస్తుండు అని చెప్పింది. స్వీటీ నవ్వి, గట్టర్ అంటే పేజీలో పక్కపక్కన ఉండే రెండు నిలువు వరసల మధ్య ఖాళీగా వదిలే జాగా అని వివరించింది. జాగా అంటే సరిపోయే దానికి గట్టర్ అనడం ఎందుకో రుక్మాబాయికి అంతుపట్టలేదు.

మరునాడు విడోల గురించి చెప్పాడు. విడోను పేజీలో ఒంటరిగా వదిలెయ్యకూడదట. ఆ మాటకు భర్త పోయిన ఆడమనిషి అని అర్థమని రుక్మాబాయికి వార్డు ఆఫీసులో పింఛన్ల వరసలో విని తెలుసు. సాయంత్రం కూతురికి అదే చెప్పింది. ఆయన అట్ల అనడు, నువ్వే తప్పు విన్నవ్ అని స్వీటీ కొట్టిపారేసింది. తర్వాత ఎక్కడో వెతికి చూసి, అన్నది నిజమేనని, పేరాలో చివరి వరుస ఒక్కటే తెగిపోయి తరువాతి పేజీ మీద పడితే దాన్ని అట్లా అంటారని తల్లికి చెప్పింది. దాంతో రుక్మాబాయికి ఇంకా గాబరా పెరిగింది. గట్టర్ అంటే గట్టర్ కాదు. విడో అంటే విడోనే, కానీ మనిషి కాదు. విన్నవాటిలో ఏది సరిగ్గా విన్నదో, ఏది తప్పుగా విన్నదో తేల్చుకోవడం ఆమె వల్ల కాలేదు.

ఇంకోరోజు మాస్టర్ పేజీ చెప్పాడు. అది మాత్రం అర్థమైందనుకుంది. ఒక్క పేజీ మీద పెడితే అన్ని పేజీల్లోకీ వస్తుంది. కూతురికి ఆ మాటే చెప్పింది. దుకాణంలో ఒక బడి వార్షికోత్సవ పుస్తకం చేస్తూ స్వీటీ మాస్టర్ పేజీ మీద ఒకటి అంకె వేసింది. అన్ని పేజీల్లోనూ ఒకటే వచ్చింది. పేజీ మారితే అంకె కూడా మారాలంటే అక్కడ వేరే గుర్తు పెట్టాలని సారు చెప్పాడు గానీ, ఆ సమయానికి ఎవరో పాలు ఉన్నాయా అని అడగడానికి వస్తే రుక్మాబాయి లేచి వెళ్లింది. కాషిఫ్ తెర వైపు చూసి, ఇదేంది, అన్నీ ఒకటో పేజీలేనా అన్నాడట. కొత్తది ట్రై చేస్తున్న భాయ్ అని స్వీటీ తప్పించుకుందట. ఇంటికి వచ్చి ఈ సంగతి చెబుతుంటే కూతురు తనను తిడుతోందో, తనలో తాను బాధపడుతోందో రుక్మాబాయికి తెలియలేదు.

రెండో వారంలో ఒకరోజు ప్రేమ్‌రాజ్, ఇద్దరిద్దరిని విడివిడి గదుల్లోకి పంపిస్తాను, కలిసి ఒక పేజీ తయారు చెయ్యండి అన్నాడు. రుక్మాబాయి వెనక్కి తిరిగి తన ఇంటి లోపలి గది వైపు చూసింది. మళ్లీ తిరిగేసరికి తెర మీద అందరూ మాయమయ్యారు. రెండే పేర్లు మిగిలాయి. స్వీటీ, సుఫియాన్.

అంతలో ప్రెషర్ కుక్కర్ కూత వినబడింది. తన పొయ్యి మీద ఏమీ లేదు. తర్వాత ఒక ఆడగొంతు ఎవరితోనో ఉర్దూలో మంట తగ్గించమని చెప్పింది. సుఫియాన్ అని మగపిల్లాడి పేరుంటే ఆడగొంతు ఎట్లా వచ్చిందో అని రుక్మాబాయి తికమకపడింది. మాట్లాడొద్దని స్వీటీ చెప్పిన మాట గుర్తుంది. అయినా ఇన్ని రోజులుగా మాట బిగబట్టుకున్న మనిషి, మైకు గుర్తు నొక్కేసింది.

"ఎవరమ్మా మీరు?"

అవతలి నుంచి జవాబొచ్చింది. "సుఫియాన్."

"సుఫియాన్ అంటే పిలగాని పేరు గద?"

"మీ పేరు స్వీటీ అని ఉంది. మీ గొంతు ఇంటే చిన్నపిల్ల గొంతు లెక్క లేదు గద ఆపా" అంది అవతలి మనిషి, అక్కా అన్నట్టుగా.

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆమె పేరు సలీమా, ఉండేది మొఘల్‌పురాలో. కొడుకు సుఫియాన్ మొబైల్ దుకాణంలో పనిచేస్తూ, డిజైన్ పని నేర్చుకుని అందులోకి మారాలనుకుంటున్నాడు. మధ్యాహ్నం వాడికి వీలు కాదని తల్లిని కూర్చోబెట్టాడు.

"ఆయన ఏం చెప్తుండో నాకు అస్సల్ సమజైతలేదు ఆపా. వాడు అడిగితే సారు మంచిగ చెప్పిండు అని చెప్త. ఏం చెప్పిండు అని అడిగితే మర్చిపోయిన అని చెప్త" అంది సలీమా.

రుక్మాబాయికి గుండెల మీద బరువు దిగినట్టయింది. ఆ వరసలో ఉన్న పేర్లన్నీ తెలివిగలవాళ్లవేనని, తన ఒక్కదానికే ఏమీ అర్థం కావడం లేదని ఇన్నాళ్లూ అనుకుంది. మాస్టర్ పేజీ గురించి తనకు తెలిసింది సలీమాకు చెప్పింది. కుక్కర్లో ఏముందని అడిగింది. పేజీ సంగతి ఇద్దరికీ గుర్తే లేదు.

ఉన్నట్టుండి తెర మీద మళ్లీ అందరూ ప్రత్యక్షమయ్యారు. స్వీటీ, సుఫియాన్ తమ పేజీ చూపించాలని ప్రేమ్‌రాజ్ అడిగాడు. ఆయన మళ్లీ పిలిచాడు. ల్యాప్‌టాప్ మూసేస్తే సరిపోతుందా అని రుక్మాబాయి ఆలోచిస్తుండగానే సలీమా గొంతు వినబడింది.

"సర్, నేను సుఫియాన్ కాదు. వాని అమ్మీని."

సలీమా తన గురించి చెప్పింది గానీ రుక్మాబాయి పేరు ఎత్తలేదు. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఇంతసేపూ నవ్వుతూ మాట్లాడిన మనిషి అక్కడ ఒంటరిగా నిలబడిపోయినట్టు అనిపించి, రుక్మాబాయి మైకు నొక్కింది.

"నేను గూడ స్వీటీని గాను సర్. వాళ్లమ్మను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రేమ్‌రాజ్ మెల్లగా, మర్యాదగానే చెప్పాడు. పిల్లల హాజరు తీసెయ్యక తప్పదన్నాడు, ఈసారికి వాళ్లకు సర్టిఫికెట్లు రావన్నాడు. క్లాసు మాత్రం ఉచితం కాబట్టి ఎవరైనా వినొచ్చు, రేపటి నుంచి మీ మీ పేర్లతోనే రండమ్మా అన్నాడు.

ఆ సాయంత్రం సంగతంతా విని స్వీటీ "మాట్లాడొద్దన్న గద అమ్మా" అని మాత్రం అంది. తాను మాట్లాడడం తప్పో, అసలు కూర్చోవడమే తప్పో రుక్మాబాయికి తేలలేదు. గోవర్ధన్‌ను అడిగితే, నాకు పాల సంగతి అడుగు చెప్త అన్నాడు.

ఏం చేస్తే బాగుపడుతుందో తెలియక, మర్నాడు పొద్దున పాల గిరాకీ తగ్గాక ఆమె ఆటో ఎక్కి కాషిఫ్ దుకాణానికి వెళ్లింది. మిగిలిన రోజులైనా కూతురిని గంటసేపు వదిలిపెట్టమని అడుగుదామనుకుంది. స్వీటీ వీపు ఇటు పెట్టి కంప్యూటర్ ముందు పని చేసుకుంటోంది. తల్లి గొంతు విని తిరిగి చూసింది గానీ లేవలేదు. కాషిఫ్ ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు. ఆమె చెప్పింది విని ఆశ్చర్యపోయాడు.

"స్వీటీ నన్ను ఎప్పుడడిగింది అమ్మా? అడిగితే గంటసేపు ఇయ్యకపోతుంటినా?"

రుక్మాబాయి కూతురి వైపు చూసింది. స్వీటీ చెయ్యి మౌస్ మీద ఆగిపోయి ఉంది. అడగనే లేదన్నమాట. ఎందుకు అడగలేదో మాత్రం ఆమెకు తట్టలేదు.

"క్లాసు దేనికమ్మా?" అన్నాడు కాషిఫ్.

"పుస్తకాల పేజీలు కట్టేదానికంట."

అతను చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. ఎప్పుడో ఒక బడి పుస్తకం తప్ప అతని దుకాణానికి పుస్తకాల పని రాదు. అప్పుడు అర్థమైంది రుక్మాబాయికి. క్లాసు కోసం సెలవు అడిగితే, పని మానేసి వెళ్లిపోవాలని ఉందని కూడా చెప్పినట్టే. ఆ మాట కూతురు దాచుకుంది. తాను వచ్చి అందరి ముందూ విప్పేసింది.

"పోతదా మరి?" అని కాషిఫ్ స్వీటీని కాకుండా ఆమెను అడిగాడు.

"నాకు తెల్వదు బేటా" అంది రుక్మాబాయి. నిజంగానే తెలియదు.

"ఇక్కడ్నే కూసోని ఇనుకో" అని స్వీటీతో అన్నాడు కాషిఫ్. ఆ మధ్యాహ్నం నుంచి స్వీటీ దుకాణంలోనే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మిగిలిన క్లాసులు విన్నది. కాషిఫ్ ఆ గంటసేపూ ఆమెకు పని చెప్పలేదు. పెద్దగా మాటలూ కలపలేదు.

అదే సమయానికి లాల్‌దర్వాజాలో రుక్మాబాయి తన ఫోన్లో, తన పేరుతో క్లాసు వింటూ కూర్చుంది. వినాలని ఎవరూ చెప్పలేదు. పేర్ల వరసలో సలీమా పేరు కూడా కనబడింది. ప్రేమ్‌రాజ్ రంగుల గురించి, అచ్చుకు పంపే ఫైళ్ల గురించి చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఇప్పుడు భయం వెయ్యలేదు. ఆఖరి రోజు ఒకసారి చెయ్యెత్తి, పేజీ చుట్టూ అంత జాగా ఊరికే ఎందుకు వదిలేస్తారు సర్ అని అడిగింది. చదివేవాళ్ల కంటికి విశ్రాంతి కోసం, పట్టుకునే వేళ్లు అక్షరాల మీద పడకుండా ఉండడం కోసం అని ఆయన చెప్పాడు. అది అర్థమైంది.

స్వీటీ తరువాతి బ్యాచ్‌లో మళ్లీ చేరి, తన పేరుతో తానే హాజరై సర్టిఫికెట్ తెచ్చుకుంది. పెళ్లిళ్ల సీజను దాటాక కాచిగూడ వైపు ఒక పుస్తకాల ఆఫీసులో చేరింది. కాషిఫ్ వెళ్లవద్దనలేదు. ఆమె చోట్లో ఇంకా ఎవరినీ పెట్టుకోలేదని, పని తానొక్కడే చేసుకుంటున్నాడని ఎవరో చెప్పారు. అతను కోపంతో ఉన్నాడో, ఆమె తిరిగి వస్తుందని చూస్తున్నాడో స్వీటీకి కూడా తెలియదు.

ఒకరోజు అన్నం తినేటప్పుడు రుక్మాబాయి కూతురిని అడిగింది. "నేను ఆ దినం దుకాణానికి పోవుడు మంచిగైందా, ఖరాబైందా?"

స్వీటీ "తెల్వదమ్మా" అని, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంది.