పానా మీద కాళ్లు

భువనగిరిలో కార్లు బాగుచేసే లతీఫ్ బతుకు సగం, విరిగిన వీల్ బోల్టులు కొట్టి తీయడానికే సరిపోయింది. టాక్సీ నడిపే సైదులు ఈసారీ పానా మీదికెక్కి తొక్కి, బోల్టు తెంపుకొచ్చాడు.

"నట్టు బిగించమంటే పగ తీర్చుకుంటవేందన్నా?"

"జర గట్టిగుంటేనే నాకు ధైర్యం భాయ్."

లతీఫ్ పళ్లు నూరుకుంటూ కొత్త బోల్టు దిగ్గొట్టాడు. చక్రం పెట్టి, ఒక నట్టు తర్వాత దానికి ఎదురు నట్టు చొప్పున, చేతి బలంతోనే పానా తిప్పి బిగించాడు.

"గింతే చాలు. ఇగ ముట్టకు."

సైదులు బుద్ధిగా తలూపి బయల్దేరాడు. లతీఫ్ చేతులకు సబ్బు రాసుకుంటుండగా, కారు మలుపు దగ్గర ఆగింది. సైదులు డిక్కీలోంచి పానా తీసి నట్టుకు తగిలించి, చెప్పులు విడిచి మరీ దాని మీదికెక్కాడు.

టక్కుమంది.

లతీఫ్ ఆ సబ్బు చేతుల్తోనే మళ్లీ సుత్తి అందుకున్నాడు.