దొరసాని నాటిన ఎర్ర పంపర

మార్కాపురం మిషన్ బంగళా తోటకు నీళ్లు పోసేవాడు ఎజ్రా. 1934లో బంగళాలో ఉండే మిషన్ దొరసాని చనిపోయి తాళం పడినా, ఆమె నాటిన చెట్టును చూడడానికి రోజూ పోయేవాడు.

ఎక్కడో సముద్రం నడుమ దీవిలో పంపర పనస, బత్తాయి కలిసి పుట్టిన జాతి అది. అంటును ఓడలో తెప్పించింది దొరసాని. ఐదో ఏట కాపుకొచ్చింది. కాయలు ద్రాక్షపళ్లలాగా గుత్తులుగా వేలాడేవి. కోస్తే లోపల నెత్తురు రంగు, నోట్లో పెడితే పులుపు, చేదు. ఊళ్లో ఎవరూ ముట్టలేదు.

ఆ ఏడు వానల్లేవు. తాగడానికే కరువైతే ఎజ్రా చెట్లకు నీళ్లు మానేసినాడు. నిమ్మ ఎండింది, జామ ఎండింది. ఆ ఒక్క చెట్టే పచ్చగా ఉంది. మిట్టమధ్యాహ్నం పోయి చూస్తే పాదు తడిగా ఉండేది. చుట్టూ దుమ్ములో అతని అడుగులు తప్ప వేరేవి లేవు.

పలకల గనిలో కూలికి పోయే అతని భార్య మగ్దలీనమ్మ నెలల తరబడి జొన్న గంజితోనే బతికి మంచం పట్టింది. చిగుళ్ల నుంచి రక్తం, కాళ్ల మీద నల్లటి మచ్చలు. ఇరవై ఏళ్ల కింద పలక కోసుకొని మానిపోయిన గాయం మళ్లీ నోరు తెరిచింది.

"ఇది జబ్బు గాదు ఎజ్రా," అంది పక్కింటి వెంకాయమ్మ. "ఆ చెట్టు తాగుతుండేది దీని నెత్తురే."

ఎజ్రా గొడ్డలి తీసుకొని పోయినాడు. ఎండ నడినెత్తిన ఉంది. గొడ్డలి ఎత్తగానే వెనక నీళ్లు పోస్తున్న చప్పుడైంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. పాదులో నీళ్లు ఇంకుతున్నాయి. ఓడ మీద చిగుళ్లు చెడినవాళ్లను ఇట్లాంటి పుల్లటి పండ్లే బతికించినాయని దొరసాని చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. గొడ్డలి దించి నాలుగు కాయలు తెంపుకొచ్చినాడు.

"ఎవరిచ్చినారు?" అంది మగ్దలీనమ్మ.

"దొరసాని."

ఆమె అతని ముఖంలోకి చూసి, కాయ ఒలుచుకొని తినింది. రోజూ ఒకటి తినింది. పది రోజులకు రక్తం ఆగింది, నెలకు గాయం పూడింది. చిగుళ్లు వాచి కాయ అడగడానికి మొదట వచ్చింది వెంకాయమ్మే. ఎజ్రా కాదనలేదు. కాకపోతే కాయలు పొద్దున్నే తెంపేవాడు, మిట్టమధ్యాహ్నం మాత్రం ఆ తోటలోకి మళ్లీ పోలేదు.