నాలుగు ప్లైవుడ్ షీట్లు

మా పడకగది వార్డ్‌రోబ్ ఖర్చు బడ్జెట్ దాటింది కార్పెంటర్ వల్ల కాదు, నా వల్ల. ఈ మాట పైకి అనడానికి నాకు మూడేళ్లు పట్టింది. అన్నాళ్లూ మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని లెక్క తెలియనివాడనే అనుకున్నారు.

అప్పట్లో యాప్రాల్‌లో ఫ్లాట్ కొని కొత్తగా దిగాం. వార్డ్‌రోబ్‌కి మా ఆవిడ తన చీటీ డబ్బు తీసి పెట్టింది. "ఇంతే ఉంది. దాటేట్టుంటే ముందే నాకు చెప్పండి," అంది. ఆవిడ స్కూల్లో టీచరు. నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటాను కాబట్టి దగ్గరుండి చూసుకునే బాధ్యత నాది. దాటదని మాటిచ్చాను.

కార్పెంటర్ది బన్సీలాల్‌పేట్. గోడకి టేపు పెట్టి కొలుస్తూనే బేరం తేల్చేశాడు.

"మీరు జెప్పిన బడ్జెట్‌లనే జేస్త సార్. కనవడే కాడ టేకు పట్టీ, లోపల మామూలు ప్లై. గని ఒక్క మాట జెర ఇనున్రి. కొలత గీసినంక మార్చొద్దు. మార్చిన్రంటే నా చేతుల ఏం ఉండది."

అతనికో అలవాటు ఉండేది. ఎవరైనా మార్పు చెబితే, గోడవైపుకి వెళ్లే చెక్క వెనక పెన్సిల్‌తో రాసుకునేవాడు. ఏం మార్చమన్నారు, ఎవరు మార్చమన్నారు. "కాయితం పోతది సార్, చెక్క యాడికి పోతది?" అనేవాడు.

వారం తిరక్కుండానే కార్ఖానా ఏరియాలో ఉండే ఒక స్నేహితుడి ఇంటికి వెళ్లాను. వాళ్ల వార్డ్‌రోబ్ సీలింగు దాకా ఉంది. మర్నాడు మాదీ అలాగే పెంచమన్నాను. తర్వాత పెద్ద సూట్‌కేసు పట్టడానికి లోతు పెంచమన్నాను. ఆ తర్వాత ఇంకో రెండు సొరుగులు.

"ఏంది సార్, పెండ్లికి సుట్టాలు పెరిగినట్టు దినాం ఒకటి పెంచుతున్రు! మేడంకు ఎర్కేనా?"

"నేను చెప్తాలే. నువ్వు కానివ్వు."

చెప్పలేదు. మొదటి కొలతలు ఆవిడ చూడలేదు కాబట్టి పెరిగిందని ఆవిడకి తెలీదు. అతను మాత్రం నా బడ్జెట్ కోసం నాకంటే ఎక్కువ తంటాలు పడ్డాడు. ముక్కలు కూడా పారెయ్యకుండా సొరుగుల అడుగుకి వాడాడు. అయినా నాలుగు షీట్లు అదనంగా పట్టాయి.

డబ్బులిచ్చే రోజు కింద పార్కింగ్‌లో నిలబడ్డాం. పక్క ఫ్లాటావిడ కూడా ఉంది. తన కిచెన్ పని అతనికే ఇస్తానని అంతకుముందే మాటిచ్చి, రంగులు చూపించమని వచ్చింది. పై అంతస్తులో మరో రెండిళ్ల వాళ్లు మా వార్డ్‌రోబ్ చూసి పని ఇద్దామని ఆగి ఉన్నారు.

"నాలుగు షీట్లు ఎక్కువా?" అంది మా ఆవిడ. "కొలిచేటప్పుడు కళ్లెక్కడ పెట్టుకున్నావయ్యా?"

అతను నా వైపు చూశాడు. నేను ఫోన్ చూసుకుంటూ, "లెక్క తప్పినట్టున్నాడు," అన్నాను.

అతను మా ఆవిడ వైపు తిరిగాడు. "సరే మేడం, గా నాలుగు షీట్లు నా మీదేస్కుంట," అని టేపు జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మో వదినా, ఒక్క అల్మారాకే గిట్లయితే నా కిచెన్ గతి ఏంగావాలె?" అంది పక్కింటావిడ. ఆ పని వేరేవాళ్లకి పోయింది. పై రెండిళ్ల పనులూ పోయాయి.

మొన్న మా అమ్మాయికి చదువుకునే టేబుల్ చేయించాలనుకున్నాం. "ఆ లెక్క రానివాణ్ణి మాత్రం పిలవకండి," అంది మా ఆవిడ మామూలుగా. ఇక దాచకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను. టీ కప్పు కింద పెట్టి జరిగిందంతా చెప్పేశాను.

ఆవిడ నేను తొడుక్కున్న చొక్కా వైపు చూసింది. తర్వాత, "మూడేళ్లుగా ఆ వార్డ్‌రోబ్‌లోంచే చొక్కా తీసి తొడుక్కుంటున్నారు కదండీ," అంది. "నాకు చెప్తే సరిపోదు. ఎక్కడ అన్నారో అక్కడే చెప్పండి."

బన్సీలాల్‌పేట్‌లో మెట్లబావి దాటాక ఓ సందులో అతని షెడ్డు. తలుపు చెక్క నునుపు చేస్తున్నవాడు తలెత్తాడు.

"ఏంది సార్, అల్మారా తలుపు పడ్తలేదా?"

"తలుపు బాగానే ఉంది. తప్పు నాది." వచ్చిన పని చెప్పాను. ఆ రోజు చెక్క వెనక రాసింది ఎందుకు చూపించలేదని అడిగాను.

"బిగిచ్చిన అల్మారా ఊడదీసి మీ ఇంట్ల లొల్లి వెట్టాల్నా?" అని మళ్లీ చెక్క మీదికి వంగాడు. "అయినా ఎవరు పెంచమన్నరో నాకెర్క లేదా సార్? నాకొక్కనికి జెప్తే ఏమొస్తది?"

"ఆదివారం రా. అందరి ముందూ చెప్తాను. టేబుల్ పని కూడా ఉంది. కొలత గీశాక మార్చను."

ఆదివారం పార్కింగ్‌లోకి పక్కింటావిడనీ, పై రెండిళ్ల వాళ్లనీ పిలిచాను. మా ఆవిడ నా పక్కనే నిలబడింది. ముందు నాలుగు షీట్ల డబ్బు అతని చేతిలో పెట్టాను. ఎందుకో చెప్పాను. పెంచమన్నది నేనని, అతను వద్దన్నాడని, మా ఆవిడకి జవాబు చెప్పలేక అతని మీదికి నెట్టానని.

"గీ ముచ్చట అప్పుడే జెప్తే అయిపోవు గదన్నా! నా కిచెన్ తలుపులు అన్నీ ఊడొస్తున్నయ్ ఇప్పుడు," అంది పక్కింటావిడ.

నేను అతని వైపు తిరిగాను. ఈసారి ఫోన్ ఇంట్లోనే వదిలేసి వచ్చాను.

"ఆ రోజు ఇక్కడే నువ్వు నా వైపు చూశావు. నేను తల దించుకున్నాను. లెక్క తప్పింది నువ్వు కాదు. నన్ను క్షమించు," అన్నాను.