కోపం తర్వాతి బండికి

గంధం వాసన తగిలితే నాకిప్పటికీ గుండె దడదడలాడుతుంది. నిన్న ఆఫీసులో ఆయుధపూజ. కంప్యూటర్లకు బొట్లు పెడుతుంటే నా చెయ్యి దానంతటదే లాప్‌టాప్ అంచు తడిమింది. తెనాలిలో మా పక్కింటి వెంకటరత్నం గారు గుర్తొచ్చారు. రేపల్లెలో స్టేషన్ మాస్టరుగా రిటైరైన మనిషి. ఆయనకు కంప్యూటరు ఆన్ చెయ్యడం కూడా రాదు. అయినా, కంప్యూటర్లు బాగుచేసే ఈ ఉద్యోగంలో నేను బతుకుతున్నది ఆయన నేర్పిన పద్ధతితోనే.

ఇళ్లలోకి వైఫై అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఎం.సి.ఎ. సీటుకి కాలేజీల ఆప్షన్లు నెట్‌లోనే పెట్టాలి. బాపట్లా, గుంటూరా అని ఇంట్లో తర్జనభర్జనలు తేలేసరికి ఆఖరి రోజు వచ్చేసింది. దసరా సాయంత్రం ఆరింటిదాకానే గడువు. తీరా కూర్చుంటే, ముందురోజు పొద్దున వచ్చిన నెట్ ఇప్పుడు రాదే! మోడెం ఆపి ఆన్ చేశాను, పాస్‌వర్డు మళ్లీ మళ్లీ కొట్టాను. మాది సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్, నెట్ వైరు పెట్టే చోటు ఎప్పుడో విరిగింది, వైఫైయే దిక్కు. పండగని నెట్ సెంటర్లన్నీ షట్టర్లు దించేశాయి. ఆప్షన్లు పెట్టకపోతే సీటు లేదు, ఏడాది నీళ్లపాలు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ కంగారుగా వెళ్లి పక్కింటి మాస్టారిని పిలుచుకొచ్చింది.

ఆయన కుర్చీ లాక్కుని తాపీగా కూర్చున్నారు. ఆ తాపీ చూస్తే నాకు ఒళ్లు మండింది.

"ఏంటమ్మాయ్, బండి తెనాల్లో బయల్దేరింది, రేపల్లె చేరలేదు. అంతేగా? ఒక్కో స్టేషనూ అడుక్కుంటూ పోదాం. నెట్ ఆ ఫోన్ తీగలోంచేగా వచ్చేది, ఎత్తు. మోత వస్తోందా?"

"వస్తోందండి."

"మోడెం లైట్లు?"

"అన్నీ బాగానే ఉన్నాయండి."

"చూసి చెప్పావా, అనుకుని చెప్పావా? నాకు చూసిందే కావాలి."

సిగ్గేసింది. వెళ్లి చూశాను, నిజంగానే వెలుగుతున్నాయి. లాప్‌టాప్ దగ్గరికి వచ్చి చూస్తే, రోజూ వెలిగే చిన్న నీలం లైటు ఆరిపోయి ఉంది. గోడ గడియారం ఐదు దాటింది.

"నిన్న పొద్దున పనిచేసిందన్నావు. ఆ తర్వాత ఏం జరిగింది?"

"ఏం జరగలేదండి!"

"దాన్నెవరు ముట్టుకున్నారు?"

గుమ్మంలోంచి అమ్మ గొంతు సన్నగా వినిపించింది. "నేనే అన్నయ్యగారూ. నిన్న ఆయుధపూజ కదా అని తడిగుడ్డతో తుడిచి, గంధం పూసి బొట్టు పెట్టాను."

వంగి చూశాను. ముందంచున గంధం గట్టిపడింది. గోటితో గీకితే కింద బుల్లి మీట బయటపడింది. వైఫై మీట! తుడుస్తున్నప్పుడు పక్కకు జరిగిపోయింది. వెనక్కి తోయగానే నీలం లైటు వెలిగింది.

"అమ్మా! నిన్నెవరు ముట్టుకోమన్నారే?" అని అరవబోయాను.

మాస్టారు ఎర్రజెండా చూపించినట్టు చెయ్యెత్తారు. "ఆగు. కోపం తర్వాతి బండికి. ముందు ఈ బండి దాటించు."

గబగబా ఆప్షన్లు పెట్టాను. ఆరు కావడానికి కాస్త ముందు అన్నీ నమోదయ్యాయి. వంటింట్లోకి వెళితే అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. "పెట్టావా తల్లీ?" అంది, అంతే. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

బాపట్లలో సీటొచ్చింది. మాస్టారు ఇప్పుడు లేరు. ఫోన్లో ఎవరైనా "అన్నీ బాగానే ఉన్నాయి, నెట్టే రావట్లేదు" అని విసుక్కుంటే, "చూసి చెప్పండి" అంటాను. అమ్మ ఏటా పూజనాడు గంధం గిన్నె పట్టుకుని, "ఎక్కడ పెట్టమంటావే?" అని భయంభయంగా అడుగుతుంది. నీ ఇష్టమమ్మా అంటాను. ఆనాటి కోపాన్ని నేనింతవరకూ ఏ బండీ ఎక్కించలేదు.