తెల్లకోడికి ఎర్ర అంచు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రంగు అంటని వస్తువంటూ ఉండేది కాదు. మాది కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న ఊరు, నేతవాళ్ల ఇల్లు. ముందుగదిలో మగ్గం, వెనక పెరట్లో నూలుకు రంగు వేసే బాన. నాన్నను మేం బాపు అనేవాళ్లం. బాపు గోళ్లు ఒక వారం ఎర్రగా, ఒక వారం నీలంగా ఉండేవి. ఆయన కలిపిన అన్నంముద్దకు కూడా ఆ రంగు అంటుతుందేమోనని నేను తొంగి తొంగి చూసేదాన్ని. ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. నాకు ఎనిమిదేళ్లు ఉంటాయి.

అన్ని రంగుల మధ్య తెల్లగా మిగిలింది ఒక్క నా కోడిపెట్టే. మా నల్లపెట్ట పొదిగిన పిల్లల్లో గద్దల పాలూ పిల్లుల పాలూ కాగా బతికి బట్టకట్టింది అదొక్కటే. దాన్ని కూడా ఒకసారి గద్ద తన్నుకుపోబోతే, నల్లపెట్ట ఎగిరి ఆ గద్దతోనే కలబడింది. ఆ పిల్లను నేను చంకనేసుకుని వాడంతా తిరిగేదాన్ని. అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. మా అవ్వ నన్ను చూసినప్పుడల్లా "కోడిని సాదుతున్నవా, కొడుకును సాదుతున్నవా" అని వెక్కిరించేది.

అప్పుడు బాపు మగ్గం మీద తెల్లచీరకు ఎర్ర అంచు పెట్టి నేస్తున్నాడు. మూర తరవాత మూర ఆ అంచు పెరుగుతుంటే నాకు చూపు మరలేది కాదు. ఉత్త చీరకే అంత అందం వస్తే, నా తెల్లకోడికి ఇంకెంత రావాలి! ఒక సాయంత్రం బాపు చిలపలుగా కట్టిన నూలు ఎర్రరంగులో ముంచి తీసి, దండెం మీద ఆరేసి, కాళ్లు కడుక్కోవడానికి బావి దగ్గరకు పోయాడు. నేను గోరువెచ్చగా ఉన్న బానలో గుడ్డపేలిక ముంచి, నా కోడి తోక మొదట్లో, వీపు మీద, సన్నగా ఒక అంచు గీశాను. చాలా పొందికగా వచ్చిందని మురిసిపోయాను కూడా. ఆ తరవాత భయం పట్టుకుంది. రంగు బాన ముట్టుకుంటే బాపు ఊరుకోడు. చెంబుతో నీళ్లు తెచ్చి ఎంత రుద్దినా ఎరుపు వదల్లేదు. కడిగితే పోయే రంగు వేసే మనిషా మా బాపు! కోళ్లను గంప కింద మూసే పని నాదే కాబట్టి, ఆ పూటకు అది ఎవరి కంటా పడలేదు.

తెల్లారి గంప ఎత్తేసరికి నల్లపెట్ట తెల్లదాని మీద పడి పొడుస్తోంది. దాన్ని చూసి మిగతా రెండు పెట్టలూ తగులుకున్నాయి. తోక మొదట్లో ఈకలు ఊడిపోయి నెత్తురు కారుతోంది. అవ్వ చీపురు తిరగేసి అన్నింటినీ తరిమింది. గాయానికి పసుపు అద్దింది, దిష్టి తీసి పారేసింది. వదిలిపెట్టగానే మళ్లీ అదే వరస. మధ్యాహ్నానికి నా కోడి కుంటుకుంటూ గోడమూలకు చేరి, ముక్కు నేలకు ఆనించి కూర్చుంది. రంగేదో నెత్తురేదో పోల్చుకునే స్థితి లేదు. రంగుకూ ఆ పోట్లకూ సంబంధం ఉందని నాకూ తెలియదు. నేను చేయకూడని పని చేసిన మర్నాడే ఇదంతా జరుగుతోందని మాత్రం తెలుసు.

అవ్వ కోపమంతా నల్లపెట్ట మీదికి మళ్లింది. "కన్నదాన్నే పొడిచి సంపుతున్నది. గిసువంటిది ఇంట్ల ఉంటే అరిష్టం. రేపు తమ్ముడు వస్తుండు గద, కోసేస్త" అంది. మా మేనమామ లక్సెట్టిపేట నుంచి వస్తున్నాడు. గద్దతో కలబడిన తల్లికోడి మర్నాడు కూరవుతుంది. నాకు ఏడుపు వచ్చింది. ఎందుకేడుస్తున్నానో చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

పక్కింటి పెద్దమ్మ రోజూ పొద్దు వాలే వేళకు అవ్వతో కలిసి మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి మా ఇంటికొచ్చేది. మా వాడలో ఎవరి కోడికి ఏమైనా ఆమెనే పిలిచేవాళ్లు. ఆమె ఒక మాట అనేముందు పది మాటలంత సేపు చూసేది. అవ్వ చెప్పిందంతా విని, నల్లపెట్ట వైపు అసలు తిరగనే లేదు. తెల్లదాని పక్కన గొంతుకూర్చుని, ఊడిన ఈక ఒకటి తీసి చెంబునీళ్లలో జాడించింది. నెత్తురు నీళ్లలో కలిసిపోయింది. ఎరుపు ఈకకే ఉంది. దాన్ని రెండు వేళ్ల మధ్య తిప్పుతూ నా మొహం చూసింది, నా చేతులు చూసింది. చేతులు లంగాలో దాచుకున్నాను. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

పెద్దమ్మ ఆ ఈకను రొంటిన దోపుకుని అవ్వతో అంది: "నల్లదాని తప్పు లేదు చెల్లె. కోడి జుట్టు ఎర్రగుంటదని కోడికి ఎరుకనే. వీపు మీద ఎరుపు కనవడితే నెత్తురనుకుంటది, ఇగ ఆగదు. తల్లి లేదు, పిల్ల లేదు."

"గా ఎరుపు ఏడికెల్లి వచ్చె?" అంది అవ్వ.

"రంగు ముంచే ఇల్లాయె" అని ఊరుకుంది పెద్దమ్మ. అబద్ధం చెప్పలేదు. నా పేరూ చెప్పలేదు.

అవ్వకు నమ్మకం కుదరలేదు. "జర ఆగు. పొద్దుగాల ఇడిసి సూద్దాం. అప్పుడు గూడ పొడిస్తే కత్తి నేనే పడత" అంది పెద్దమ్మ. తరవాత నాతో కుండ మసీ ఆముదమూ తెప్పించి, రెండూ కలిపి నా చేతికే ఇచ్చింది. చీర కొంగు కోడి కళ్ల మీద కప్పి ఒళ్లో పట్టుకుంటే అది కిక్కురుమనలేదు. గాయం చుట్టూ, నేను గీసిన అంచు పొడవునా, ఎరుపు కనబడకుండా ఒక్కో ఈకకు మసి రాశాను. ఆమె తొందరపెట్టలేదు. ఆ తరవాత దాన్ని వేరే గంప కింద ఒక్కదాన్నే పెట్టింది.

ఆమె మర్నాడు పొద్దున్నే వచ్చింది. అప్పటికే అవ్వ కత్తి నూరి గోడవార పెట్టింది. పెద్దమ్మ రెండు గంపలూ ఎత్తింది. నల్లపెట్ట తిన్నగా తెల్లదాని దగ్గరికి నడిచింది. తల పక్కకు వాల్చి ఒక కన్నుతో దాని వీపు చూసింది. అది కాలితో మట్టి దువ్వి, నూకలు ఏరుకుంటూ ముందుకు పోయింది. మిగతావీ దాని వెనకే పోయాయి. చాలాసేపు చూశాక అవ్వ కత్తి లోపల పెట్టేసింది. ఆ పూట మామకు పప్పే దక్కింది. మూతి ముడుచుకునే తిన్నాడు.

నేను మాత్రం కంచం వదిలి లేచాను. పెద్దమ్మ ఇంటికి పోయి "నేనే పూసిన" అన్నాను. ఆమె రాట్నం ఆపకుండానే "నాకెరుకనే బిడ్డా. ఎరుక లేనోళ్లకు జెప్పు" అంది. రొంటి నుంచి ఆ ఈక తీసి నా చేతిలో పెట్టింది.

అవ్వకూ బాపుకూ చెప్పేశాను. అవ్వ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే దించి, పెరట్లోకి చూస్తూ, "ఉత్తపుణ్యానికి దాన్ని కోసేస్తుంటి గదనే" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నాకు దెబ్బకంటే ఎక్కువ తగిలింది. బాపు ఈకను వెలుతురుకు పెట్టి చూసి, "రంగు మంచిగనే పట్టింది" అన్నాడు. ఆ తరవాత తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాడు.

పెద్దమ్మ తలచుకుంటే నన్ను ముందురోజే పట్టించేది. నాలుగు దెబ్బలు తిని, ఏడ్చి, మర్చిపోయేదాన్ని. ఆమె నల్లపెట్ట ప్రాణం నిలబెట్టింది, నా తప్పు ఒప్పుకునే పని నాకే వదిలింది. ఎనిమిదేళ్ల పిల్ల వచ్చి నిజం చెబుతుందని అంత నమ్మకం ఎలా పెట్టుకుందో, ఈ వయసులో కూడా నాకు ఆశ్చర్యమే. నాకు పిల్లలు పుట్టారు, మనవలు పుట్టారు, ఇంట్లో చిన్నాపెద్దా తప్పులు ఎన్నో జరిగాయి. ఎవరిదో నాకు ముందే తెలిసిపోయినా, వెంటనే పేరు పెట్టి అడగను. ఒక పూట ఆగుతాను. చాలామంది వాళ్లంతట వాళ్లే వచ్చి నా పక్కన కూర్చున్నారు.